రాత్రి చదువు గంట ముగిశాక

మన సర్వేల్ గురుకులం గురించి రాసేటప్పుడు ర్యాంకుల మాట, ఉన్నత పదవులకు ఎదిగిన పూర్వ విద్యార్థుల మాట ముందుగా రావడం సహజమే. 1971 నవంబరు 23న, పి.వి. నరసింహారావు గారు ముఖ్యమంత్రిగా ఉన్న కాలంలో మొదలైన ఈ బడి పల్లెటూరి పిల్లలకు ఎంత పెద్ద దారి తెరిచిందో అందులో చదువుకున్న మనకు వేరే చెప్పనక్కరలేదు. అయితే ఇల్లు విడిచి వచ్చిన పిల్లవాడు తన కాళ్ల మీద తాను నిలబడేటట్టు, పక్కవాడిని కలుపుకొని నడిచేటట్టు ఇక్కడ తీర్చిదిద్దిన తీరును కూడా ఎవరో ఒకరు రాసి ఉంచాలని నాకు చాలాకాలంగా అనిపిస్తోంది. మా హౌస్ మాస్టరు గారు ఏ ప్రసంగమూ చేయకుండా, రాత్రి చదువు గంట ముగిశాక డార్మిటరీ వరండాలో కూర్చుని, ఏళ్ల తరబడి ఆ పని చేశారు.

కొత్తగా చేరినవారికి మొదటి రెండు నెలలు గడ్డుకాలం. ట్రంకు పెట్టె తాళంచెవి మొలతాడుకు కట్టుకొని, తిండి సయించక, దుప్పటి ముసుగులో ఏడ్చేవాళ్లం. సారు ఎవరినీ ఏడవొద్దని అనేవారు కాదు. పిలిచి పక్కన కూర్చోబెట్టుకొని, "ఈ యాళ్లకు మీ ఇంట్ల ఎవరెవరు ఏం చేస్తుంటర్రా?" అని అడిగేవారు. నాయన బర్రెలకు గడ్డి వేస్తుంటాడని, చెల్లె నిద్రపోయి ఉంటుందని పిల్లవాడు చెప్పుకుపోతుంటే తొందరపెట్టకుండా వినేవారు. ఆ తర్వాత అంతకంటే బెంగగా ఉన్న మరొకడిని చూపించి, "రేపటినుంచి వాణ్ని అన్నానికి నువ్వే వెంటబెట్టుకొని పోవాలె" అని పని అప్పజెప్పేవారు. నాకు అప్పజెప్పిన పిల్లవాడు అన్నంలో చారు కలుపుకొని కూర్చునేవాడే గాని ముద్ద ఎత్తేవాడు కాదు. వాడు తినేదాకా నేను లేవకూడదు గనుక వాణ్ని మాటల్లో పెట్టి నేనూ తింటూ ఉండేవాణ్ని. ఆ ధ్యాసలో నా బెంగ ఎప్పుడు తగ్గిందో నాకే తెలియలేదు.

పరీక్షల్లో మార్కులు తగ్గినప్పుడు ఆయన కారణం అడగడం నేను వినలేదు. "ఏ లెక్క దగ్గర ఆగిపోయినవు?" అని అడిగి, ప్రశ్నపత్రం తెప్పించి, ఆ లెక్కను పైకి చదువుతూ చేయమనేవారు. ఎక్కడ తడబడ్డానో నా గొంతులోనే తెలిసిపోయేది. లెక్కలు నాకు ఎప్పటికీ రావన్న పెద్ద దిగులు, భిన్నాల హారాలను సమం చేయడం నేర్చుకోవాలన్న చిన్న పనిగా మారేది. పిల్లల్లో స్థైర్యం పెంచడానికి ఇంతకు మించిన శిక్షణ మరొకటి ఉంటుందని నేను అనుకోను.

ఆదివారం ఇంటికి ఉత్తరాలు రాయించడంలోనూ ఆయనది ఒక పద్ధతి. "నేనిక్కడ క్షేమం, మీరక్కడ క్షేమమని తలుస్తాను" అన్న వాక్యం తర్వాత ఆ వారం నిజంగా జరిగిన సంగతి ఒక్కటైనా ఉండాలి. మా తల్లిదండ్రుల్లో చాలామందికి చదువు రాదు. ఊళ్లో ఎవరో చదివి వినిపించాలి. "ఊరంత వింటరు గద సార్" అన్నాను. "ఊరంత విన్నా పరవాలేదనుకున్న సంగతి ఒకటి రాయి. మిగిలింది సెలవుల్ల పోయినంక మీ అమ్మకు చెప్పు" అన్నారు. నాకు జ్వరం వచ్చి తగ్గిందని, పక్క మంచం పిల్లవాడు రాత్రంతా నీళ్లందించాడని రాశాను. దసరా సెలవులకు ఆ పిల్లవాణ్ని కూడా తీసుకురమ్మని అమ్మ కబురు చేసింది.

హవాయి దీవుల్లోని కవాయిలో 1955లో పుట్టిన 698 మంది పిల్లలను మనస్తత్వవేత్త ఎమ్మీ వెర్నర్ బృందం దశాబ్దాల పాటు గమనించిన అధ్యయనం గురించి చాలా ఏళ్ల తర్వాత చదివాను. పేదరికం, ఇంటి కలతలు వంటి అనేక కష్టాల నడుమ పెరిగినవారిలో దాదాపు మూడోవంతు మంది సమర్థులుగా, ఇతరులను ఆదరించగలిగేవారుగా ఎదిగారు. అలాంటివారికి బంధువో, ఉపాధ్యాయుడో, ఎవరో ఒక పెద్దమనిషి నిలకడైన అండ ఉండటమూ, వారిమీద ఆధారపడిన బాధ్యత ఏదో ఒకటి ఉండటమూ ఆ బృందం గుర్తించింది. చారన్నం ముందు కూర్చున్న పిల్లవాణ్ని సారు నాకెందుకు అప్పజెప్పారో అది చదివాకనే నాకు పూర్తిగా అర్థమైంది.

ఇప్పుడు బడుల్లో వ్యక్తిత్వ వికాసం పేరిట వక్తలను పిలిపించి ఒక పూట ప్రసంగం ఇప్పిస్తున్నారు. ఆ ఉత్సాహం మంచిదే గాని, ఆ రాత్రి బెంగపడే పిల్లవాడి దగ్గర ఆ వక్త ఉండరు. అందువల్ల మన పూర్వ విద్యార్థుల సంఘం ముందు ఒక ప్రతిపాదన పెడుతున్నాను. ప్రిన్సిపాల్ గారి అనుమతితో, హౌస్ మాస్టర్లకు తోడుగా, మనలో ఒక్కొక్కరం ఇద్దరేసి కొత్త పిల్లలను ఎంచుకొని, వారు పదో తరగతి దాటేవరకు నెలకొకసారి తప్పకుండా కలవాలి. విదేశాల్లో ఉన్నవారు బడి ఫోనులో, బడి చెప్పిన వేళకు మాట్లాడవచ్చు. మొదటిసారి వెళ్లినప్పుడు మార్కుల ఊసెత్తకుండా ఇంటి సంగతులు అడిగితే చాలు. ఇష్టమైనవారు సమ్మేళనం రోజునే కార్యదర్శి గారికి పేర్లు ఇస్తే, జూన్‌లో బడి తెరిచేనాటికి జాబితా సిద్ధం చేసుకోవచ్చు. నా పేరు ఇప్పటికే ఇచ్చాను.