ఆకుపచ్చ ఛాయతో మూడో వారం

కిటికీ పక్కన బల్ల దగ్గర కూర్చుని చెల్లి బొమ్మ గీస్తున్న నాలుగు నిమిషాల క్లిప్ ఇది. పైన ట్యూబ్‌లైట్ వెలుగుతోంది. తీసేటప్పుడు ఏమీ తెలియలేదు కానీ, కంప్యూటర్‌లో చూస్తే మొహం, గోడ, కాగితం అన్నిటి మీదా ఆకుపచ్చ ఛాయ. మూడు వారాలుగా వీడియో రంగులు సరిచేసే డావిన్సీ రిజాల్వ్ సాఫ్ట్‌వేర్‌లో దీని మీదే కూర్చున్నాను.

మొదటి వారమంతా టెంప్ స్లైడర్‌తోనే గడిచింది. నీలం వైపు జరిపాను, నారింజ వైపు జరిపాను, ఆకుపచ్చ వదల్లేదు. టెంప్ ఆ రెండు రంగుల మధ్యే తిరుగుతుంది మరి. ఆకుపచ్చకి విరుగుడు మెజెంటా, అంటే గులాబీ-ఊదా రంగు. అది ఉండేది టింట్ అనే ఇంకో స్లైడర్‌లో.

రెండో వారంలో రెండు సాయంత్రాల పని పారేయాల్సి వచ్చింది. మానిటర్‌లో నైట్ మోడ్ ఆన్‌లో ఉందని చూసుకోలేదు. తెర పసుపుగా కనిపిస్తుంటే నేను నీలం కలుపుతూ పోయాను. చాలా బాధేసింది. నైట్ మోడ్ తీసేసినా కంటిని పూర్తిగా నమ్మలేం, పది నిమిషాలు అదే ఫ్రేమ్ చూస్తే కన్ను ఆ ఛాయకి అలవాటు పడిపోతుంది. అందుకే రంగుల్ని కొలిచి చూపే పెరేడ్ స్కోప్ తెరిచాను.

అందులో ఎరుపు, ఆకుపచ్చ, నీలం గ్రాఫులు పక్కపక్కనే ఉంటాయి. ఒక్కోటీ ఫ్రేమ్‌ని ఎడమ నుంచి కుడికి ఉన్నదున్నట్టు చూపిస్తుంది. కాగితం ఫ్రేమ్‌లో ఎడమ చివర ఉంది కాబట్టి మూడింటిలోనూ అక్కడే చూశాను. సున్నా నుంచి 1023 దాకా ఉండే స్కేల్ మీద ఎరుపు 690, ఆకుపచ్చ 740, నీలం 705. తెల్లటి వస్తువు దగ్గర మూడూ దాదాపు సమానంగా ఉండాలి.

ముందు ఆఫ్‌సెట్ అనే సర్దుబాటులో ఆకుపచ్చ తగ్గించాను. కాగితం తెల్లబడింది, జుట్టు మాత్రం మెజెంటాకి తిరిగింది. తీరా చూస్తే జుట్టు దగ్గర మూడు రంగులూ మొదటి నుంచీ సమానంగానే ఉన్నాయి! వెలుగు రంగు వస్తువు మీద గుణకారంలా పనిచేస్తుంది. నలుపు సున్నాకి దగ్గర, దాన్ని దేంతో గుణించినా పెద్దగా మారదు. ఆఫ్‌సెట్ అన్ని చోట్లా ఒకే కొలత తీసేస్తుంది, గెయిన్ అయితే వెలుగున్న చోట ఎక్కువ, నీడల్లో తక్కువ కదుపుతుంది. ఆఫ్‌సెట్ రీసెట్ చేసి గెయిన్‌లో ఆకుపచ్చ తగ్గించగానే కాగితం, జుట్టు రెండూ కుదిరాయి. ఆ క్షణం కోసం ఇంకో మూడు వారాలైనా కూర్చునేదాన్ని.

అయితే కాగితం అంత మంచి కొలబద్ద కాదు. తెల్లదనం కోసం అందులో కలిపే పదార్థాలు అతినీలలోహిత కాంతిని పీల్చుకుని నీలం వెలుగు ఇస్తాయి. పగటి వెలుతురులో దాన్నే తెలుపు అనుకుని సరిచేస్తే మొహం కాస్త పసుపుకి పోతుంది. ఏ ఛాయా లేని బూడిద రంగు గ్రే కార్డ్ ఉంటే ఈ గొడవ ఉండదు.

కిటికీ వైపు చెంప మాత్రం ఇంకా నీలంగా ఉంది. రెండు రకాల వెలుగు ఒకే సర్దుబాటుకి లొంగదు. సర్దుబాటు ఆ భాగానికే పరిమితమయ్యేలా చెంప చుట్టూ పవర్ విండో గీసి, అంచులు బాగా మెత్తబరిచి, మొహం కదిలినా అది వెంటే వెళ్లేలా ట్రాకర్ నడిపి, లోపల టెంప్ కొంచెం నారింజ వైపు జరిపాను. రంగుల్ని గుండ్రటి గ్రాఫ్‌లో చూపే వెక్టర్‌స్కోప్‌లో చర్మం రంగు ఉండాల్సిన చోటు చూపే గీత దాకా లాగలేదు, కాస్త ముందే ఆపాను. కిటికీ పక్కన కూర్చున్న మనిషి మీద ఆ చల్లదనం కొంత ఉండాలి.

రెండో నిమిషం దాటాక కెమెరా ఆటో వైట్ బ్యాలెన్స్, అంటే వెలుగుని బట్టి అది చేసుకునే రంగుల సర్దుబాటు, తనంతట తానే మారిపోయింది. అక్కడ నుంచి సర్దుబాటు కూడా మారేలా కీఫ్రేములు పెట్టడం మిగిలింది. తర్వాతి క్లిప్‌ని ట్యూబ్‌లైట్ ఆపేసి, కెమెరాని పగటి వెలుతురుకి సరిపడే 5600 కెల్విన్ దగ్గర లాక్ చేసి తీస్తాను.