సన్నని పొడుగు జాబ్: ఏఎల్‌పీ పార్ట్ బి కోసం నేను చదివిన పద్ధతి

టర్నర్ ట్రేడ్‌తో రైల్వే ఏఎల్‌పీ (అసిస్టెంట్ లోకో పైలట్) పరీక్షకి చదువుతున్న తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ ముందుగా ఒక మాట. రెండో సీబీటీలో (కంప్యూటర్ పరీక్షలో) ట్రేడ్ మీద వచ్చే పార్ట్ బి మార్కులు మెరిట్‌లో కలవవు, నిజమే. అందుకే చాలామంది దాన్ని ఆఖరి వారానికి నెట్టేస్తారు. 75 ప్రశ్నలు, 60 నిమిషాలు. 35 శాతం రాకపోతే పార్ట్ ఎలో ఎంత కొట్టినా ఇంటికే, ఏ కేటగిరీకీ సడలింపు లేదు. తప్పుకి మూడో వంతు మార్కు కోత కూడా ఉంది కాబట్టి గుడ్డిగా నొక్కడానికీ లేదు.

విశాఖ ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో మా బల్ల దగ్గర అందరిదీ ఒకటే వరస. లేత్ యాక్సెసరీస్ పేజీ తియ్యడం, "స్టెడీ రెస్ట్ బెడ్ మీద, మూడు దవడలు, ఫాలోవర్ రెస్ట్ శాడిల్ మీద, రెండు దవడలు" అని వల్లె వెయ్యడం. సన్నని పొడుగు జాబ్, అంటే లేత్ మీద చెక్కే రాడ్, వంగకుండా కాసే ఊతాలు ఇవి రెండూ; స్టెడీ ఒకచోటే ఉంటుంది, ఫాలోవర్ టూల్‌తో పాటు నడుస్తుంది. ప్రశ్న అంత తిన్నగా వస్తే బాగానే ఉంటుంది. "సెంటర్ల మధ్య తిప్పిన షాఫ్ట్ నడుమ లావుగా వచ్చింది, కారణం?" అని (సెంటర్లంటే రెండు కొసల్లో ఆనే మొనలు) తిప్పి అడిగితే వల్లె వేసింది పనికిరాదు. నేను ఈ టాపిక్‌ని ఒక్క ప్రశ్నతో చదివాను: టూల్ నెడితే జాబ్ ఎటు పోతుంది?

చక్‌లో (జాబ్‌ని పట్టి తిప్పే దవడల్లో) ఒక కొస పట్టుకుని రెండోది వదిలేస్తే, వదిలిన కొస టూల్‌కి దూరంగా జరుగుతుంది. జరిగినంత మేర కట్ తగ్గుతుంది. అందుకే కొస లావు, చక్ వైపు సన్నం. సెంటర్ల మధ్య పెడితే కొసలు కదలవు, నడుమ జరుగుతుంది. జాబ్ పీపాలా తయారవుతుంది.

లెక్క అంటే బెదరకండి. టూల్ అంతే బలంతో నెట్టినా, పొడవు రెట్టింపయితే వంపు 8 రెట్లు, వ్యాసం సగమైతే 16 రెట్లు. ఒక కొస పట్టి రెండో కొసని నెడితే వచ్చే వంపుతో పోలిస్తే, రెండు కొసలూ సెంటర్ల మీద ఆపి నడుమ నెడితే వచ్చేది 16వ వంతు. 25 మి.మీ. రాడ్‌ని 20కి దించేసరికి అది దాదాపు రెండున్నర రెట్లు ఎక్కువ వంగుతుంది. మొదటి కట్‌లో నోరెత్తని జాబ్ ఆఖర్లో చాటర్ అవుతూ (అదురుతూ) అరిచేది అందుకే.

ఫాలోవర్ సంగతి మాత్రం పుస్తకంలో బొమ్మ చూస్తే ఎక్కదు. గాజువాక ఆటోనగర్‌లో తెలిసిన లేత్ షాపు ఉంటే ఓ సాయంత్రం వెళ్లి నిలబడండి. నేను వెళ్లిన చోట మేస్త్రి టెయిల్‌స్టాక్ (చక్‌కి ఎదురు కొసని ఆపే భాగం) వైపు బొటనవేలంత మేర కట్ చేసి, టూల్‌ని లోపలికీ బయటికీ జరిపే క్రాస్ స్లైడ్ కదపకుండా మిషన్ ఆపాడు. ఆ చెక్కిన మేర మీదికి ఇత్తడి దవడల్ని ఒక్కొక్కటే తెచ్చి, తాకీ తాకనట్టు ఉంచి, నూనె చుక్క వేశాడు. "మరీ బిగించకురా, అదే జాబ్‌ని టూల్ మీదికి తోసెస్తాది" అన్నాడు. కట్ మారితే వ్యాసం మారుతుంది కాబట్టి ప్రతి కట్‌కీ దవడలు మళ్లీ సెట్ చెయ్యాల్సిందే. దవడలు రెండే ఎందుకంటే, టూల్ జాబ్‌ని వెనక్కీ పైకీ నెడుతుంది. ఆ రెండు వైపులా అవి కాస్తాయి, ముందువైపు టూలే ఉంది.

వేడి గురించి ఎవరూ చదవరు గానీ నాకు ఇష్టమైన భాగం అదే. 500 మి.మీ. ఉక్కు రాడ్ 50 డిగ్రీలు వేడెక్కితే సుమారు 0.3 మి.మీ. సాగుతుంది. డెడ్ సెంటర్ (తిరగని సెంటర్) గట్టిగా బిగించి ఉంటే సాగడానికి చోటు లేక జాబ్ విల్లులా వంగుతుంది, సెంటర్ మాడుతుంది. మధ్యమధ్యలో సడలించి గ్రీజు పెట్టాలి. జాబ్‌తో పాటు తిరిగే రివాల్వింగ్ సెంటర్ అయితే మాడడం తప్పుతుంది గానీ సాగుడు తప్పదు, దాన్నీ సడలించాలి.

టూల్ అంచు జాబ్ అక్షానికి 90 డిగ్రీల్లో ఉంటే నెట్టుడు ఎక్కువగా పొడవు వెంట పోతుంది, పక్కకి తక్కువ. టూల్ ముక్కు వ్యాసార్థం కూడా చిన్నదే మేలు.

ఇక స్టెడీ. దవడలు ఆనే చోట ముందే గుండ్రంగా, నునుపుగా ఒక పట్టీ చెక్కి ఉండాలి. నల్లబారు గరుకు మీద పెడితే ఆ గరుకే జాబ్‌ని ఊపుతుంది. అలా చెక్కడానికి వీల్లేకపోతే క్యాట్ హెడ్ అనే గుండ్రని తొడుగు వేస్తారు. పొడుగు షాఫ్ట్ కొస మీద ఫేసింగ్, బోరింగ్ అంటే జవాబు స్టెడీ, ఎందుకంటే ఆ కొస ఖాళీగా ఉండాలి, టెయిల్‌స్టాక్ సెంటర్ అక్కడ పెట్టలేం. పొడుగునా మర కొయ్యాలంటే ఫాలోవర్. స్టెడీతో మొత్తం పొడవూ ఒకే కట్‌లో తియ్యొచ్చా అని అడిగితే కాదనండి. టూల్‌ని మోసే క్యారేజ్ స్టెడీని దాటిపోలేదు. సగం తిప్పి, జాబ్ మళ్లించి, మిగతా సగం తియ్యాలి.