సచ్చినోడు నగుతాడేమిరా?

1987లో నేను ఏడో తరగతి. శివరాత్రి జాగారానికి మా తాడిపత్రి వీధి పెద్దలు హరిశ్చంద్ర నాటకం ఆడాలనుకున్నారు. హరిశ్చంద్రుడు, విశ్వామిత్రుడు, నక్షత్రకుడు వేషాలకు కొట్లాటలు అప్పటికే అయిపోయాయి. చంద్రమతికి బయటి ఊరి ఆర్టిస్టును మాట్లాడుకున్నారు. మిగిలింది లోహితాస్యుడు, అతనితో దర్భలకు పోయే పిల్లలు, ఒకరిద్దరు భటులు. పిల్లల్ని ఎంచి పంపమని మా బడి తెలుగు సారుకు చెప్పారు. వేషం కట్టినవాళ్ళకు తెల్లారి ఉగ్గాని, బజ్జీ పెడతారన్న కబురు బడంతా పాకింది. లాంగ్ బెల్ కొట్టాక చూస్తే వరండాలో పద్నాలుగు మందిమి.

మొదటి పరీక్ష బరువు. చచ్చిపోయిన కొడుకును చంద్రమతి భుజాన వేసుకుని, పద్యం పాడుతూ కాటికి తేవాలి కదా! డ్రిల్లు సారు మమ్మల్ని ఒక్కొక్కరినే ఎత్తి చూసి, బస్తా దించినట్టు దించేశారు. కాస్త కండ ఉన్నవాళ్ళంతా భటుల్లోకి పోయారు. ఐదుగురం మిగిలాం. నా బక్క ఒళ్ళు నాకు పనికొచ్చింది ఆ ఒక్క రోజే.

రెండో పరీక్ష చావడం. వరండాలో పరిచినవి మన ఊరి నాపరాళ్ళే. చొక్కా పైకి జరిగి, బండ నడుముకు చల్లగా తగిలింది. హార్మోనిస్టు శ్రుతి ఇచ్చాడు. చంద్రమతి పద్యం తెలుగు సారే అందుకున్నారు. నాలుగు పాదాల పద్యమే కానీ, చివర రాగం ఎత్తుకుంటే ఆయన ఒక పట్టాన దించరు.

బళ్ళారి రాఘవ 1880లో పుట్టింది తాడిపత్రిలోనే. బళ్ళారిలో పెద్ద వకీలు, స్టేజీ మీద మహానటుడు. పద్యానికి రాగం కంటే భావం ముఖ్యమని నమ్మిన మనిషి. ఈ సంగతి మాకు క్లాసులో పదిసార్లయినా చెప్పింది ఈ సారే. ఇప్పుడు అదే నోటితో ‘ఆ...’ అని ఎత్తుకుని, దిగకుండా నిలబడ్డారు. కళ్ళు మూసుకుని పడుకున్న నాకు సరిగ్గా అప్పుడే అది గుర్తుకు రావాలా? కడుపు కదిలింది. పళ్ళు బిగబట్టాను. ముక్కులోంచి వచ్చేసింది.

“సచ్చినోడు నగుతాడేమిరా? లెయ్!”

ఒకడికి దగ్గొచ్చింది, ఇంకొకడు దోమను కొట్టాడు. చివరివాడు మాత్రం పద్యం అయిపోయినా లేవలేదు. “నటుడంటే వీడు!” అని సారు మెచ్చుకున్నారు. వాడు నిద్రపోయాడని అప్పుడూ చెప్పాను, ఇప్పుడూ చెబుతున్నాను.

నాకు ఒక్క మాట వేషం ఇచ్చారు. అడవి నుంచి పరిగెత్తుకొచ్చి, “అమ్మా, లోహితుణ్ణి పాము కరిచిందమ్మా!” అనాలి. నేను పాఠం ఒప్పజెప్పినట్టు చెబితే సారు తల పట్టుకున్నారు. “బడి చుట్టూ రెండు రౌండ్లు కొట్టి వచ్చి చెప్పు” అన్నారు. కొట్టి వచ్చాను. నోట మాట రాలేదు. “ఆఁ, అదీ!” అన్నారు. రాఘవ పాఠం ఆయన మరిచిపోలేదు, రాగం దగ్గరే అడ్డం వచ్చేది.

నాటకం రాత్రి తెర వెనక నిజంగానే పరిగెత్తి వెళ్ళాను. ‘అమ్మా’ వచ్చింది, ‘పాము’ వచ్చింది, మిగతాది గొంతులోనే ఉండిపోయింది. ముందు వరసలో ఒక అవ్వ “అయ్యో బిడ్డా!” అనింది. ఆ తర్వాత నేను ఎన్ని స్టేజీలెక్కినా అలాంటి మాట పడలేదు.

కాటి సీను వచ్చేసరికి మూడు దాటింది. జనం వన్స్ మోర్ అంటే చంద్రమతి పాడిన పద్యమే మళ్ళీ పాడింది. చివరికి శివుడు ప్రత్యక్షమై, చెయ్యెత్తి ప్రాణం పోశాడు. మనవాడు కదల్లేదు. శివుడు మళ్ళీ చెయ్యెత్తాడు. ఊహూఁ. చంద్రమతి కొంగు చాటున తొడపాశం పెట్టింది. వాడు దిగ్గున లేచి కూర్చుని, సరిగ్గా మైకు ముందర అడిగాడు:

“ఉగ్గాని అయిపోయిందా?”