పుస్తకాలు ఇక్కడే ఉంచి వెళ్ళండి

ఇంగ్లండులో నా కొత్త బడి. సెప్టెంబరు మూడో వారం. సాయంత్రం నాలుగు దాటింది. రెండు క్లాసుల నోటు పుస్తకాలు, మొత్తం యాభై ఎనిమిది, రెండు గుడ్డ సంచుల్లో సర్దుకుని బస్సుకి బయల్దేరాను. కారిడార్ చివర మా లెక్కల విభాగం హెడ్ ఎదురయ్యారు. సంచులు చూసి ఆగారు.

"ఇవన్నీ ఎక్కడికి?"

"దిద్దడానికి ఇంటికి తీసుకెళ్తున్నాను" అన్నాను, కాస్త గర్వంగానే. కొత్తగా చేరిన టీచరు ఇంత శ్రద్ధ పెడుతోందని సంతోషిస్తారనుకున్నాను.

"పుస్తకాలు ఇక్కడే ఉంచి వెళ్ళండి" అన్నారాయన. "ఇలా చెయ్యమని మిమ్మల్ని ఎవరూ అడగలేదు. మీరొక్కరు ప్రతి పేజీ దిద్దితే రేపు తల్లిదండ్రులు మిగతా టీచర్లను కూడా అడుగుతారు. వాళ్ళలో ఇంట్లో చంటిపిల్లలున్నవాళ్ళు ఉన్నారు." గొంతు పెంచలేదు. సంచులు లోపల పెట్టుకోమని తలుపు తీసి పట్టుకున్నారు కూడా. కానీ పదకొండేళ్ళు టీచరుగా పనిచేసిన నాకు, పని ఎక్కువ చేస్తున్నావని ఒకరు తప్పు పట్టడం అదే మొదటిసారి. ఖాళీ చేతులతో బస్సులో కూర్చుంటే ఏదో మర్చిపోయి వస్తున్నట్టే ఉంది. ఇంటికి వచ్చి అన్నం వండుకున్నాక ఏం చెయ్యాలో తోచలేదు.

2023 ఫిబ్రవరిలో మన దేశంలో చదివిన లెక్కలు, సైన్సు టీచర్లు కూడా ఇంగ్లండులో టీచరు అర్హత హోదాకి నేరుగా దరఖాస్తు పెట్టుకునే వీలు కల్పించారు. ఆ దారిలో వచ్చినదాన్నే నేను. అంతకుముందు ఒంగోలు దగ్గర ఒక ప్రైవేటు హైస్కూల్లో చెప్పేదాన్ని. ఇప్పుడు యార్క్‌షైర్‌లో ఒక సెకండరీ స్కూలు. పదకొండేళ్ళ పిల్లలు ఇయర్ 7 లో చేరతారు, పదహారేళ్ళకి ఇయర్ 11 చివర జి.సి.ఎస్.ఇ. పరీక్షలు రాసి వెళ్తారు. రోజుకి అయిదు పీరియడ్లు, ఒక్కోటి గంట. పొద్దున్న ఎనిమిదిన్నరకి నా ట్యూటర్ గ్రూపు, అంటే నాకు అప్పగించిన పిల్లల జట్టు, హాజరు తీసుకోవాలి, టై సరిగా లేనివాడికి చెప్పాలి, ఇంట్లో గొడవపడి వచ్చిన పిల్ల మొహం చూసి పట్టుకోవాలి. బ్రేక్‌లో మైదానం డ్యూటీ ఉంటుంది. నవంబరు నుంచి ఆ డ్యూటీ అంటే చేతులు కొంకర్లు పోవడమే. పిల్లలకి నేను 'మిస్'ని. పేరుతో పనిలేదు, 'గారు' లేదు. టీచర్లం మాత్రం ఒకరినొకరు పేరుతోనే పిలుచుకుంటాం. యాభై అయిదేళ్ళ మనిషిని పేరు పెట్టి పిలవడానికి నాకు క్రిస్మస్ దాకా పట్టింది.

వీటన్నిటికీ అలవాటు పడ్డాను. అలవాటు కానిది ఒక్కటే, హోంవర్కు.

మన దగ్గర నోట్సు కరెక్షన్ అంటే ఏమిటో ఎవరికీ చెప్పక్కర్లేదు. సెక్షనుకి నలభై ఎనిమిది మంది, అయిదు సెక్షన్లు, ఎర్ర పెన్ను, సంతకం, తేదీ. ఇక్కడ మా బడిలో ఇయర్ 8 పిల్లలకి లెక్కల హోంవర్కు వారానికి ఒక్కసారి, అదీ అరగంట పని. అది కూడా కంప్యూటర్‌లోనే. వెబ్‌సైట్ లెక్క ఇస్తుంది, పిల్లవాడు జవాబు కొడతాడు, తప్పయితే అలాంటిదే ఇంకోటి ఇస్తుంది. అన్నీ ఒప్పయ్యేదాకా వదలదు. శుక్రవారం నా దగ్గరికి ఒక పట్టిక వస్తుంది. చేసినవాడికి ఆకుపచ్చ గడి, చెయ్యనివాడికి ఎర్ర గడి. ఎర్ర గడి వాడికి మధ్యాహ్నం ఇరవై నిమిషాల డిటెన్షన్, అంటే బయటికి పోనివ్వకుండా గదిలో కూర్చోబెట్టడం. ఇంట్లో కంప్యూటర్ లేని పిల్లల కోసం బడి వదిలాక లైబ్రరీ తెరిచే ఉంచుతారు, ఒక అసిస్టెంట్ పక్కన కూర్చుని సాయం చేస్తారు. అది మాత్రం నాకు చాలా నచ్చింది. ఇంటి దగ్గర చెప్పేవాళ్ళు లేని పిల్ల గురించి ఇంతగా ఆలోచించిన బడి నేను అంతకుముందు చూడలేదు.

నోటు పుస్తకంలో చేసిన క్లాసు లెక్కల్ని కూడా పిల్లలే దిద్దుకుంటారు. నేను జవాబులు తెర మీద చూపిస్తాను, వాళ్ళు ఆకుపచ్చ పెన్నుతో టిక్కులు పెట్టుకుని తప్పులు సరిచేసుకుంటారు. మొదటి నెలంతా ఆ ఆకుపచ్చ పెన్ను నన్ను కాల్చుకు తినింది. తన తప్పు తనకే తెలిస్తే వాడు తప్పు ఎందుకు చేస్తాడు? అది చూడ్డానికే కదా టీచరు ఉన్నది?

కోపంతో ఉన్నా, వీళ్ళు ఎందుకిలా చేస్తారో తెలుసుకోకుండా ఉండలేకపోయాను. ఈ దేశంలో కూడా ఒకప్పుడు హోంవర్కుకి ప్రభుత్వమే లెక్క చెప్పింది. 1998 లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం ఇయర్ 10, 11 పిల్లలకి రోజుకి గంటన్నర నుంచి రెండున్నర గంటల పని. 2012 లో వాటిని తీసేసి, ఎంత ఇవ్వాలో బడుల ఇష్టానికే వదిలేశారు. ఇక దిద్దుబాటు సంగతి. రంగురంగుల పెన్నులతో టీచరు వ్యాఖ్య, దానికి పిల్లవాడి జవాబు, మళ్ళీ టీచరు జవాబు, ఇలా పుస్తకాల్లో రాసీ రాసీ టీచర్లు ఉద్యోగాలు మానేసే పరిస్థితి వచ్చిందట. 2016 లో పనిభారం మీద వేసిన సంఘం దిద్దుబాటు గురించి విడిగా ఒక నివేదిక ఇచ్చింది. దిద్దుబాటుకి అర్థం ఉండాలి, అది చెయ్యగలిగినంతే ఉండాలి, పిల్లల్లో ఉత్సాహం నింపాలి అని అందులో ఉంది. టీచరు ఒప్పందంలో ఏడాదికి 195 రోజులు, 1265 గంటలు అని అంకెలు వేసి మరీ ఉంటుంది. దాని పైన అవసరమైన పని చెయ్యాల్సిందే, కానీ బడి పిలిచి కూర్చోబెట్టగలిగేది ఆ గంటలే. పాఠాలు తయారు చేసుకోవడానికి, దిద్దడానికి టైమ్‌టేబుల్లో కనీసం పదో వంతు ఖాళీ ఇవ్వాలి. ఆ ఖాళీలో ఇంకో క్లాసుకి పంపించరు. మన దగ్గర లీజర్ పీరియడ్ అంటే సెలవు పెట్టిన టీచరు క్లాసు అనే కదా.

ఇదంతా చదివాక మా హెడ్ మీద కోపం తగ్గింది. కోపం తగ్గినంత మాత్రాన ఒప్పుకున్నట్టు కాదు.

అక్టోబరు చివర్లో ఇయర్ 8 కి రుణసంఖ్యల మీద చిన్న పరీక్ష పెట్టాను. వెబ్‌సైట్‌లో ప్రతి వారం ఆకుపచ్చ గడి ఉన్న ఒక అబ్బాయికి ఇరవైకి ఆరు వచ్చాయి. పట్టికలో వాడికి ఏ లోపమూ లేదు, పరీక్ష కాగితంలో తీసివేతలన్నీ తప్పు. లంచ్‌లో పిలిచి నీ పుస్తకం ఒకసారి చూపించమన్నాను. బెదిరిపోయాడు. "నేనేం తప్పు చేశాను మిస్?" అన్నాడు. ఇక్కడ టీచరు పుస్తకం అడిగితే ఏదో జరిగిందనే అర్థం.

గళ్ళ కాగితం పుస్తకం. గడికో అంకె పెట్టి శుభ్రంగా రాసుకున్నాడు. తిప్పుకుంటూ పోతే ఒక పేజీ మార్జిన్లో చుట్టూ గీత గీసి దాచుకున్న వాక్యం కనబడింది: రెండు మైనస్‌లు కలిస్తే ప్లస్. దాని పక్కనే మైనస్ మూడులోంచి అయిదు తీసేస్తే, ప్లస్ ఎనిమిది. ఆ లెక్కలో కంటికి రెండు మైనస్ గుర్తులు కనిపిస్తాయి మరి. గుణకారానికి చెప్పిన మాట, ఎక్కడ రెండు గీతలు కనిపిస్తే అక్కడ వాడేశాడు. జవాబులు తెర మీద చూపించినప్పుడు పక్కన ఆకుపచ్చతో మైనస్ ఎనిమిది అని దిద్దుకున్నాడు కూడా. జవాబు మారింది, మార్జిన్లో వాక్యం అలాగే ఉంది. కింద లెక్కలో మళ్ళీ అదే తప్పు, మళ్ళీ ఆకుపచ్చ దిద్దుబాటు. మూడు పేజీలు అంతే. మరి వెబ్‌సైట్‌లో అన్నీ ఎలా ఒప్పయ్యాయని అడిగాను. "తప్పని చెప్పగానే గుర్తు మార్చి కొడతాను మిస్. అలాంటిదే ఇంకోటి ఇస్తుంది కదా, అది వెంటనే ఒప్పయిపోతుంది" అన్నాడు. అందులో దొంగతనం ఏమీ లేదు. వాడికి తెలిసిన దారి అదే.

ఒంగోల్లో అయితే ఈ లెక్కని అప్పుతో చెప్పేదాన్ని. మూడు రూపాయలు బాకీ ఉన్నావు, ఇంకో అయిదు అప్పు చేశావు, మొత్తం బాకీ ఎంత? క్లాసు క్లాసంతా ఎనిమిది అని అరిచేది. అలవాటు కొద్దీ ఇక్కడా అదే మొదలుపెట్టాను. వాడు నా మొహం చూస్తూ ఉండిపోయాడు. కిటికీలోంచి కార్ పార్క్ కనిపిస్తోంది. వాడే అన్నాడు: "పొద్దున్నే కారు అద్దం మీద మంచు గీకుతాం కదా మిస్, అలాంటి మైనసా ఇది?" అవును, అలాంటిదే. రాత్రి పడుకునేటప్పుడు మైనస్ మూడు, తెల్లారేసరికి ఇంకో అయిదు డిగ్రీలు పడిపోయింది, ఇప్పుడెంత? "మైనస్ ఎనిమిది. నాన్న ఆ రోజు పనికి లేటవుతాడు" అన్నాడు.

సున్నాకి కింద ఉండే చలి నేను పుట్టి బుద్ధెరిగాక ఎరగను. పదకొండేళ్ళు రుణసంఖ్యలు చెప్పాను కానీ మైనస్ మూడు ఒంటికి ఎలా ఉంటుందో నాకు తెలియలేదు. వాడికి తెలుసు. ఆ తెలిసిన దాన్నీ పుస్తకంలో లెక్కనీ కలిపి చూసుకోవడమే తెలియలేదు.

ఆ రాత్రి ఒంగోలులో మా సీనియర్ టీచరు అక్కకి ఫోన్ చేసి అంతా చెప్పాను. "చూశావా అమ్మాయ్, దిద్దకపోతే ఇలాగే ఉంటుంది" అంటుందని నా ఆశ. మొదట అదే అంది. తర్వాత కాసేపు ఆగి, "మనం మాత్రం చదివి దిద్దామా? ఎం.ఇ.ఓ. గారు వస్తున్నారంటే రెండు రోజుల్లో రెండొందల పుస్తకాలు టిక్కులు పెట్టలేదూ?" అంది.

ఆ మాట చాలా రోజులు గుచ్చుకుంది. ఎందుకంటే నాకూ ఒకటి గుర్తుంది. అర్ధ సంవత్సరం పరీక్షలప్పుడు తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె బీజగణితంలో పూర్తిగా తప్పింది. వాళ్ళమ్మ పుస్తకం పట్టుకొచ్చి, "మీరు అన్నీ రైటు పెట్టారు కదండీ టీచర్‌గారూ" అంది. చూస్తే ఆ తప్పు మూడు చోట్ల ఉంది, మూడు చోట్లా నా ఎర్ర టిక్కు, కింద నా సంతకం, తేదీ. ఆవిడ దెబ్బలాడలేదు, నిజంగానే అర్థంకాక అడిగింది. నేనేదో చెప్పి పంపించాను. ఏం చెప్పానో గుర్తులేదు, ఆ టిక్కులు మాత్రం కళ్ళ ముందే ఉన్నాయి.

ఇది చెప్పినా, మన పద్ధతి ఉత్తదే అని ఒప్పుకోలేను. నలభై ఎనిమిది మందిలో నలుగురి పుస్తకమైనా నిజంగా చదివిన రాత్రులు ఉన్నాయి. కొట్టివేతలు ఎక్కడున్నాయి, ఎక్కడ అక్షరం చిన్నదైపోయింది, ఏ మెట్టు దగ్గర వాడు పక్కవాడిది చూసి రాశాడు, ఇవన్నీ కాగితం చెబుతుంది. ఏ పిల్లకి ఇంట్లో దీపం సరిగా లేదో కూడా చేతిరాత చూసి పట్టుకున్న టీచర్లు మన దగ్గర ఉన్నారు. ఆకుపచ్చ గడి అది చెప్పదు. వెబ్‌సైట్ చెడ్డదని నేననను, నా సాయంత్రాలు నాకు తిరిగిచ్చింది అదే. కానీ పిల్లవాడు ఎక్కడ ఆగాడో చూడ్డానికి ఒక మనిషి కావాలి.

నవంబరులో మా హెడ్ దగ్గరికి వెళ్ళి ఆ మార్జిన్ పేజీ చూపించాను. కళ్ళజోడు పైకి జరిపి చాలాసేపు చూశారు. "నేను సంచులు వద్దన్నాను, పుస్తకాలు చూడొద్దనలేదు" అన్నారు. తర్వాతి విభాగం మీటింగులో ఆ పేజీని అందరికీ చూపించమన్నారు. చూపించాను. ఒక్కొక్కరూ తమ క్లాసులో పిల్లలు దాచుకున్న ఇలాంటి సొంత సూత్రాలు చెప్పడం మొదలుపెట్టారు. పదితో గుణించాలంటే చివర సున్నా పెడితే చాలు అనుకుని 2.5 ని 2.50 చేసేవాళ్ళు, పెద్ద అంకెలోంచే చిన్న అంకె తీసెయ్యాలనుకునేవాళ్ళు. ఒంగోలు పిల్లలవీ ఇవే తప్పులు. ఆ గంట నాకు ఎంత హాయిగా గడిచిందో చెప్పలేను. ఈ దేశం వచ్చాక మొదటిసారి నా స్టాఫ్‌రూమ్‌లో నేను కూర్చున్నట్టు ఉంది.

ఇప్పుడు నేను వారానికి అయిదు పుస్తకాలు తీసుకుంటాను. ఏ అయిదో ముందు చెప్పను. ఇంటికి పట్టుకెళ్ళను. మంగళవారం రెండో పీరియడ్ నాకు ఖాళీ, అప్పుడు తలుపు వేసుకుని ఒక్కో పుస్తకం మొదటి పేజీ నుంచి చదువుతాను. టిక్కులు పెట్టను. ఎక్కడ ఆగారో అక్కడ పెన్సిల్‌తో ఒక చుక్క పెట్టి, పిలిచి అడుగుతాను. ఎర్ర పెన్ను సొరుగులో ఉంది, పారెయ్యడానికి చెయ్యి రాలేదు.

నిన్న సాయంత్రం బల్ల మీద అయిదు పుస్తకాలు పెట్టి వెళ్ళాను. ఈ పొద్దున్న చూస్తే ఆరు ఉన్నాయి. ఆరోది ఎప్పుడూ నూటికి నూరు వచ్చే అమ్మాయిది. అట్ట మీద పసుపు కాగితం అంటించి, "మిస్, నాది కూడా చూడండి" అని రాసింది. ఇంకా తెరవలేదు. ఇవాళ శుక్రవారం.