మాటలోంచి ఆట: మా అమ్మాయికి చదవడం వచ్చిన తీరు

మా అమ్మాయికి అచ్చులు, హల్లులు, గుణింతాలు కంఠతా వచ్చు. అయినా ఎన్నడూ చూడని మాట ఎదురైతే మొదటి అక్షరం పట్టుకుని మిగిలినది ఊహించేది. ఇంగ్లీషు మాటల దగ్గర అదీ కుదరక నా ముఖంలోకి చూసేది. కంటికి అక్షరం తెలుసు, చెవికి మాట తెలుసు, ఆ రెండూ కలిసే చోటే ఏదో లోపించిందని తోచి, పుస్తకం పక్కన పెట్టి నోటితోనే మొదలుపెట్టాను.

మాటను చప్పట్లతో విడగొట్టమంటే తడుముకోకుండా చేసేది. ‘కాకి’లో మొట్టమొదటి ధ్వని ఏమిటంటే మాత్రం ‘కా’ అనేది, అంతకన్నా లోపలికి వెళ్లేది కాదు. ఇది చాలామంది పిల్లల్లో ఉన్నదే. 1974లో అమెరికా మనస్తత్వవేత్త ఇసబెల్ లిబర్‌మన్ బృందం పిల్లలచేత మాటలోని భాగాలను కర్రముక్కతో తట్టించి చూసినప్పుడు, నాలుగేళ్లవారిలో దాదాపు సగం మంది ‘కా’ వంటి భాగాలను లెక్కపెట్టగలిగారు గాని, విడి ధ్వనులను ఒక్కరూ లెక్కపెట్టలేకపోయారు. ‘కూ’ అనబోయేటప్పుడు ‘క్’ దగ్గరే పెదవులు గుండ్రంగా మారిపోతాయి. హల్లు ఎక్కడ ముగిసి అచ్చు ఎక్కడ మొదలైందో చెవికి దొరకదు.

అందుకే సాగదీయగల ధ్వనులున్న మాటలు ముందు ఎంచుకున్నాను. ‘సీసా’లో ‘స్స్స్’ అని ఊపిరి ఉన్నంతసేపు అనవచ్చు, ‘మామ’లో ‘మ్మ్మ్’ అనవచ్చు. ‘క్’, ‘ట్’ అలా సాగవు గనుక వాటిని తరువాతకు వాయిదా వేశాను. ఆ తరువాత కాకి, కీలు, కూర, కోట వరుసగా చెప్పించి, అన్నింటిలోనూ నోరు మొదట ఎక్కడ మూసుకుంటోందో గమనించమన్నాను. ఇంతకాలం వల్లించిన గుణింతం అసలు ఉపయోగం నాకు అక్కడే కనిపించింది.

తరువాత తీసివేతలు. ‘మాట’లో ‘మ్’ తీసేస్తే ‘ఆట’, ‘నూరు’లో ‘న్’ తీసేస్తే ‘ఊరు’, ‘చాకు’లో ‘చ్’ తీసేస్తే ‘ఆకు’. ఇది తనకు ఎంత నచ్చిందంటే, ఇంట్లో ఎవరి పేరూ తల మిగలకుండా పోయింది. దానితో పాటు, సోవియట్ మనస్తత్వవేత్త ఎల్కోనిన్ పద్ధతిలో కాగితం మీద గళ్లు గీసి, ధ్వనికొక బిళ్ల చొప్పున జరిపించాను: ‘మాట’కు రెండు అక్షరాలే అయినా మ్, ఆ, ట్, అ అని నాలుగు బిళ్లలు పడతాయి.

కొందరు చెప్పినట్టు నోటి అభ్యాసాన్నే నెలల తరబడి సాగదీయడం నాకు సమ్మతం కాలేదు. 1979లో మనస్తత్వవేత్త జోసే మొరాయిస్ బృందం పోర్చుగల్‌లో పరీక్షించినప్పుడు, చదువురాని పెద్దల్లో చాలామంది మాట మొదట ఒక ధ్వనిని చేర్చడం గాని తీసివేయడం గాని చేయలేకపోయారు. పెద్దయ్యాక చదవడం నేర్చుకున్నవారు చేయగలిగారు. అంటే అక్షరం కూడా చెవికి శిక్షణ ఇస్తుంది. అందుకని తొందరగానే బిళ్లల స్థానంలో అక్షరాలు పెట్టాను. ‘షిప్’ (ship)లో నాలుగు అక్షరాలకు మూడు ధ్వనులే ఎందుకో, ‘బాక్స్’ (box)లో చివరి ఒక్క అక్షరమే రెండు ధ్వనులు ఎలా పలుకుతుందో గళ్లలో పెట్టి చూపిస్తే, ఇంగ్లీషు మాటల దగ్గర ఊహించడం తగ్గింది.

ఇప్పుడు కొత్త మాటను తానే కూడబలుక్కుని చదువుతోంది. ఒకే అక్షరంలో నాలుగైదు ధ్వనులు ఇమిడిన ‘స్త్రీ’, ‘రాష్ట్రం’ వంటి మాటలకు మాత్రం బిళ్లలు ఇంకా బయటికి తీస్తున్నాం.