వాసం మీద బొగ్గు గీతలు

రాత్రంతా వాన. పొద్దున్నే లేచి, కాఫీ కూడా తాగకుండా మండువాలోకి వెళ్లి పడమటి గోడ అడుగున అరచెయ్యి ఆనించి చూశాను. చల్లగా ఉంది గానీ చెమ్మ లేదు. ఏడాదిగా ఆ ఒక్క గోడ గురించే నాకు టెన్షన్.

1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర గోదావరి 35 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు గట్టు తెగి మా ఊరంతా మునిగింది. వరద తీశాక, మళ్లీ గోడలు నానకూడదని నాన్న నడుం ఎత్తు వరకు సిమెంటు పూత వేయించారు. అప్పట్లో అందరూ చేసిన పనే. సున్నంతో కట్టిన గోడ నేలలోంచి పీల్చిన తడిని గాలికి వదిలేస్తూ ఉంటుంది. పైన సిమెంటు కప్పేస్తే ఆ తడి బయటికి రాలేక, ఉప్పు పట్టి ఇటుకని లోపల్నుంచి తినేస్తుంది. పోయినేడు మేస్త్రీ గారు ఉలితో పూత ఊడగొట్టినప్పుడు, వెనకాల ఇటుక వేలితో గీరితే పిండిలా రాలింది. ఆ ఎర్రటి పిండి గుప్పిట్లో పట్టుకుని ఎంతసేపు నిలబడ్డానో. ఇల్లు కాపాడాలనే కదా నాన్న అప్పు చేసి మరీ ఆ పూత వేయించింది.

పాడైన ఇటుకలు తీసి, కూలిన పశువులశాల నుంచి అదే సైజు పాత ఇటుకలు ఏరి పెట్టాం. నానిన సున్నం, ఇసుక గానుగలో మెత్తగా తిప్పించి, కరక్కాయలూ బెల్లమూ ఊరేసిన నీళ్లు పోసి పూత కలిపారు. వారం రోజులు వీధి వీధంతా ఆ పులిసిన బెల్లం వాసనే. సిమెంటులా ఇది మర్నాటికి బిగిసిపోదు. గాలి పీలుస్తూ నెలల తరబడి గట్టిపడుతుంది. తడి గోనెలు కప్పి కాచుకోవాలి. "తొందరపడితే పగుళ్లేనండి, ఆయ్" అని మేస్త్రీ గారు నాకు రోజూ చెప్పాల్సి వచ్చింది.

చూడ్డానికి వచ్చేవాళ్ల కోసం ఇల్లు తెరవడం ఇది మూడో ఆదివారం. పదకొండు మంది వచ్చారు. అరుగు, సావిడి, మండువా చూపించి పెరట్లోకి తీసుకెళ్లాను. ఇక్కడ లాన్ వేయమని కడియం నర్సరీకి వెళ్లినప్పుడు ఒకరిద్దరు సలహా ఇచ్చారు. ఎండాకాలం కాలువలు కట్టేశాక లాన్‌కి నీళ్లెక్కణ్ణుంచి తేను? 1996 నవంబరు తుపానుకి మా కొబ్బరిచెట్లు వరసాగ్గా పడిపోతే, పొగడచెట్టు ఒక్కటే నిలబడింది. దాని చుట్టూ మామ్మ పెంచిన మొక్కలే మళ్లీ వేశాను: పారిజాతం, నందివర్ధనం, సంపెంగ, మనోరంజితం. పక్కనే బోదె తవ్వించాను. కాలువలో నీళ్లున్నన్నాళ్లూ అదే తడుపుతుంది. ఇవాళ పొగడపూలు తడి మట్టిలో అతుక్కుపోయి ఉంటే పిల్లలు ఒక్కొక్కటీ గోటితో లేపి ఏరుకున్నారు.

అందరూ పెరట్లో ఉంటే ఒకావిడ మాత్రం సావిడి దగ్గరే ఆగిపోయింది. నలభై ఏడెనిమిదేళ్లుంటాయి. "అటకెక్కే నిచ్చెన ఇటేపు ఉండేది కదండీ?" అంది.

మీకెలా తెలుసక్కా అన్నాను.

"వరదకి మీ మామ్మగారు మా వీధి వాళ్లందర్నీ అటకెక్కించారండి. నాకప్పుడు ఎనిమిదేళ్లు. కొబ్బరికాయలు కొట్టుకుని బెల్లంతో తిన్నాం. పొయ్యి ఎక్కడ వెలిగిస్తాం?"

రెండు బల్లలు వదులుగా ఉన్నాయని అటక చూపించడం లేదు. ఆవిడ మొహం చూశాక కాదనలేకపోయాను. నిచ్చెన నేను పట్టుకుంటే ఎక్కింది, వెనకే నేనూ ఎక్కాను. వంగి, చూరు వైపు వాసం మీద చెయ్యి పెట్టి తడుముతూ వెళ్లి ఒకచోట ఆగింది. నాలుగు బొగ్గు గీతలు, వేలెడంత పొడవు. అవి నేను చాలాసార్లు చూశాను. వడ్రంగి కొలతకి పెట్టుకున్న గుర్తులనుకున్నాను.

"రోజుకోటి గీశాడు మా అన్నయ్య" అంది.

వచ్చే వారం ఆ వాసాలన్నీ రుద్ది కడిగి నూనె రాయించాల్సి ఉంది. అనుకున్న ప్రకారం జరిగి ఉంటే ఆ గీతలు పోయేవి. తలుచుకుంటే ఇప్పుడు కూడా గుండె దడగా ఉంది.

వాళ్లమ్మ ఉన్నారట, ఆవిడకీ చూపించాలని ఉందట, కానీ మోకాళ్ల నొప్పులతో నిచ్చెన ఎక్కలేరట. సాయంత్రం మేస్త్రీ గారికి ఫోన్ చేశాను. ఆ వాసం జోలికి ఎవర్నీ పోనివ్వొద్దనీ, వదులు బల్లలు ముందు బిగించాలనీ చెప్పాను. నిచ్చెన తీసేసి, పట్టుకోవడానికి కమ్మీ ఉన్న చెక్క మెట్లు పెట్టాలంటే ఎన్ని రోజులు పడుతుందని అడిగాను. పది రోజులన్నారు.