వాళ్లకు ముప్పై రోజులు, మాకు అరవై

2025 ఫిబ్రవరి 1, శనివారం. రాత్రి పదకొండు దాటింది. వచ్చినవాళ్లంతా వెళ్లిపోయాక మిగిలిన పులిహోరను డబ్బాల్లోకి సర్దుతున్నాను. మేడ మీది నుంచి మా అబ్బాయి కేక వినిపించింది.

"నాన్నా, లూకాను ఇచ్చేశారు!"

ముందు నమ్మలేదు. ఆ వార్త పెట్టిన విలేకరి షామ్స్ చరానియా ఖాతాను ఎవరో హ్యాక్ చేశారని అమెరికా అంతా అనుకుంది. కాసేపటికి ఖాయమైంది. మా ఊరి బాస్కెట్‌బాల్ జట్టు డాలస్ మావరిక్స్ తన 25 ఏళ్ల ఆటగాడు లూకా దోంచిచ్‌ను లాస్ ఏంజెలెస్ లేకర్స్ జట్టుకు పంపి, బదులుగా ఆంటనీ డేవిస్‌ను తెచ్చుకుంది. అంతకు ఏడాది ముందే ఒకే ఆటలో 73 పాయింట్లు కొట్టినవాడు, జట్టును 2024 ఫైనల్స్‌కు తీసుకెళ్లినవాడు. ఫోన్ వచ్చినప్పుడు నిద్రలోకి జారుకుంటున్నాడట. ఏప్రిల్ ఒకటో తేదీ కాదు కదా అని చూసుకున్నానని తర్వాత తనే చెప్పాడు.

మావాడి తర్వాతి ప్రశ్న నాకు ఇంకా గుర్తుంది. "అతనికి వీసా మళ్లీ వేయాలా, నాన్నా?"

ఉద్యోగంతో ముడిపడ్డ హెచ్-1బీ వీసా ఇంట్లో పెరిగిన పిల్లవాడికి ముందుగా తట్టేది అదే.

నేను క్రికెట్ మనిషిని. లూకా, నేను డాలస్‌కు ఒకే ఏడాది వచ్చాం, 2018లో. నేను అర్వింగ్‌లో ఒక అపార్ట్‌మెంట్‌కు రెండు సూట్‌కేసులతో వచ్చాను. అతన్ని డ్రాఫ్టులో, అంటే జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే చోట, మూడో ఆటగాడిగా అట్లాంటా జట్టు ఎంచుకుంది. అదే రాత్రి ట్రే యంగ్ అనే మరో కొత్త ఆటగాడి కోసం, మరుసటి ఏడాది మొదటి రౌండులో ఒకరిని ఎంచుకునే అవకాశం కోసం డాలస్‌కు ఇచ్చేసింది. అమెరికాలో ఒక్క ఆటైనా ఆడకముందే చేతులు మారాడన్నమాట. ఆ సంగతి మేం ఎవరం అప్పుడు పట్టించుకోలేదు. మా ఊరికి వచ్చాడు, మా వాడు అనుకున్నాం.

అతని దారి తెలిశాక మాత్రం ఆటకంటే మనిషి మీద ఆసక్తి పెరిగింది. స్లొవేనియాలోని లుబ్లియానాలో పుట్టాడు. పదమూడేళ్లకు, 2012లో, రియల్ మాడ్రిడ్ క్లబ్బు వాళ్ల వసతి గృహంలో చేరాడు. తల్లి ఊళ్లోనే ఉండిపోయింది. అతనికి స్పానిష్ రాదు. మన పిల్లలను పదిహేనేళ్లకు విజయవాడ హాస్టల్లో ఇంటర్‌కు చేర్చి, ఆదివారం ఫోన్‌లో ఏడిస్తే "సర్దుకుంటుందిలే" అంటామే, అలా ఉంటుందనుకుంటాను. కాకపోతే అక్కడ భాష కూడా పరాయిదే. పదహారేళ్లకు పెద్దల జట్టులో ఆడాడు. పందొమ్మిదేళ్లకు యూరప్ క్లబ్బుల పెద్ద పోటీ యూరోలీగ్ గెలిచాడు, ఆ సీజన్‌కు అత్యుత్తమ ఆటగాడు కూడా అయ్యాడు. ఆ తర్వాతే అమెరికా. ఇక్కడి వ్యాఖ్యాతలు మాత్రం మొదట్లో "కుర్రాడు, వేగం తక్కువ, చూద్దాం" అన్నట్టు మాట్లాడారు. మన దేశంలో పదేళ్లు పనిచేసి వచ్చినా ఇక్కడ మొదటి ఇంటర్వ్యూలో మళ్లీ అక్షరాభ్యాసం చేయించినట్టు ప్రశ్నలు అడిగిన రోజు గుర్తొచ్చి నవ్వుకున్నాను.

అందరూ లూకాలు కారు. మా ఇంటికి దగ్గర్లోనే, ఫ్రిస్కోలో, చిన్న లీగు జట్టు టెక్సస్ లెజెండ్స్ ఆడుతుంది. పంజాబ్ పల్లెటూరి కుర్రాడు సత్నాం సింగ్ అక్కడే ఆడేవాడు. ఏడడుగుల రెండు అంగుళాల మనిషి. పద్నాలుగేళ్లకు స్కాలర్‌షిప్పు మీద ఫ్లోరిడా వచ్చాడు. 2015 డ్రాఫ్టులో 60 మందిలో 52వ వాడిగా డాలస్ ఎంచుకుంది. అమెరికా పెద్ద బాస్కెట్‌బాల్ లీగు ఎన్‌బీఏ డ్రాఫ్టులో ఎంపికైన మొదటి భారతీయుడు అతనే. కానీ ఎన్‌బీఏ సీజన్‌లో ఒక్క ఆటా ఆడలేదు. తర్వాత కుస్తీ ప్రదర్శనల వైపు వెళ్లాడు. ఎంపిక కావడం వేరు, నిలబడడం వేరు. ఆ తేడా ప్రాజెక్టు దొరక్క కన్సల్టెన్సీలో బెంచి మీద కూర్చున్నవాడికి ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు.

ఇక వీసా సంగతి. విదేశీ ఆటగాళ్లు ఎక్కువగా వచ్చేది క్రీడాకారులకిచ్చే పి-1 వీసా మీద. జట్టు మారితే వాళ్ల పని అనుమతి 30 రోజులు దానంతటదే కొనసాగుతుంది. ఆలోగా కొత్త జట్టు దరఖాస్తు వేసుకోవాలి. హెచ్-1బీ మీద ఉన్న మాకు, ఉద్యోగం పోతే, గడువు గరిష్ఠంగా 60 రోజులు. వినడానికి మాకే ఎక్కువ. కానీ అక్కడ గడువు మొదలయ్యేది కొత్త జట్టు చేతిలో పడ్డాక, ఇక్కడ చేతిలో ఏమీ లేకుండా పోయాక.

2023లో నాకు ఆ గడువు మొదలైంది. పావుగంట వీడియో కాల్. అది ముగిసేలోపు లాప్‌టాప్ తెర లాక్ అయిపోయింది. ఫ్రిజ్ మీది క్యాలెండర్‌లో మా ఆవిడ రోజూ ఒక గడి కొట్టేసేది. ఏకాదశులు, అమావాస్యలు అచ్చేసిన తెలుగు క్యాలెండరే. నలభై ఒకటో గడి దగ్గర వేరే చోట ఉద్యోగం వచ్చింది.

లూకా జీతానికీ నా జీతానికీ నక్కకూ నాకలోకానికీ ఉన్నంత తేడా. అయినా, డాలస్‌లోనే ఉంటే సుమారు 34 కోట్ల 50 లక్షల డాలర్ల ఒప్పందానికి అర్హుడయ్యేవాడు, ఆ రాత్రితో అది పోయింది. నన్ను అడగకుండా పంపకూడదు అన్న షరతు రాయించుకోవాలంటే లీగులో ఎనిమిది సీజన్లు నిండాలి. అతనికి అది ఏడోది. పైగా కొద్ది రోజుల ముందే ఇక్కడ పెద్ద ఇల్లు కొన్నాడని పత్రికలు రాశాయి. మా ఆవిడ మనసు ఆ ఇంటి దగ్గరే ఆగిపోయింది.

2025 ఏప్రిల్ 9న లేకర్స్ జెర్సీలో డాలస్ వచ్చాడు. సీట్ల మీద పరిచిన టీషర్టులపై స్లొవేనియన్ భాషలో "హ్వాలా జా వ్సే", అంటే అన్నిటికీ ధన్యవాదాలు, అని రాసి ఉంది. పాత ఆటల వీడియో వేస్తుంటే బెంచి మీద కూర్చుని తువ్వాలుతో కళ్లు తుడుచుకున్నాడు. తర్వాత లేచి 45 పాయింట్లు కొట్టాడు. డాలస్ ఓడిపోయింది. ఎవరికి చప్పట్లు కొట్టాలో తెలియక మావాడు లూకా పాత నంబరు, నీలం రంగు 77 జెర్సీ అంచు నములుతూ కూర్చున్నాడు.

బాస్కెట్‌బాల్ ఎప్పుడూ చూడని మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి తెరవైపు కాసేపు చూసింది.

"ఆ ఇల్లు ఏం చేశాడట?" అంది.